ఒక్క రోజు, నాలుగు ఆటలు: వీల్‌చైర్ వాడేవాళ్లు ఏ ఆట ఎంచుకోవాలి?

పారా క్రీడల పరిచయ శిబిరంలో సాధారణంగా ఒక ఇండోర్ హాలు ఉంటుంది. ఒక మూల ఐదారు బాస్కెట్‌బాల్ కుర్చీలు, ఇంకో మూల టేబుల్ టెన్నిస్ బల్ల, బయట మైదానంలో కూర్చుని షాట్‌పుట్ విసిరే ఇనుప ఫ్రేము కనిపిస్తాయి. అన్నీ ఓసారి చేసి చూద్దామని దిగితే మధ్యాహ్నానికే భుజాలు లేవవు. ఆ తర్వాత పట్టుకున్న ఆట ఏదైనా "నాకు పడదు" అనిపిస్తుంది. నిజంగా ఆట పడలేదా, చేతులు అలిసిపోయాయా అన్నది తేలదు. అందుకే వెళ్లేముందే నాలుగు ఆటలు ఎంచుకుని మిగతావి చూడ్డానికి వదిలేయండి. ఒక్కో ఆటకి 25 నిమిషాలు, మధ్యలో అరగంట విరామం చాలు. ఆ నాలుగూ ఏవన్నది కింది లెక్కల మీద ఆధారపడుతుంది.

## ముందు తేల్చుకోవాల్సినవి

నడుము నిలకడ. కుర్చీలో వెనక్కి ఆనుకోకుండా కూర్చుని, రెండు చేతులూ ముందుకి చాచి పది సెకన్లు ఉండండి. తర్వాత పక్కకి వంగి నేల మీది వాటర్ బాటిల్ అందుకుని, రెండో చెయ్యి దేన్నీ పట్టుకోకుండా పైకి లేవండి. పక్కన ఒక మనిషి ఉండాలి. రెండూ చేయగలిగితే ఏ ఆటైనా చూడొచ్చు. మొదటిది మాత్రమే వస్తే ఎత్తు వీపు, ఛాతీ బెల్టు ఉన్న కుర్చీ కావాలి. మొదటిదే రాకపోతే బోచా (తెల్లబంతికి దగ్గరగా బంతులు వేసే ఆట), గన్ షూటింగ్, క్లబ్ త్రో (చిన్న చెక్క గద విసరడం), టేబుల్ టెన్నిస్ ముందు చూడండి.

చేతి పట్టు. సీసా మూత తిప్పగలరా? లీటరు నీళ్ల బాటిల్‌ని ఒంటి చేత్తో భుజం ఎత్తుకి లేపగలరా? పట్టు లేకపోతే ఆట లేదని కాదు. టేబుల్ టెన్నిస్ బ్యాట్‌నీ టెన్నిస్ రాకెట్‌నీ చేతికి కట్టుకుని ఆడే తరగతులు (వైకల్యాన్ని బట్టి చేసిన పోటీ విభాగాలు) ఉన్నాయి. మెడ దగ్గర వెన్నెముక దెబ్బ తగిలినవాళ్లకి ఇది తెలియక సగం ఆటలు మొదట్లోనే చేజారిపోతాయి.

కుర్చీ. ఆస్పత్రి తరహా మడత కుర్చీ దాదాపు 18 కిలోలు ఉంటుంది, చక్రాలు నిటారుగా ఉంటాయి. వేగంగా తిప్పితే పక్కకి పల్టీ కొడుతుంది. ఆట కుర్చీలో చక్రాలు పైన దగ్గరగా, కింద దూరంగా వాలి ఉంటాయి, దీన్నే కాంబర్ అంటారు. వెనక ఒక చిన్న చక్రం పల్టీ పడకుండా ఆపుతుంది. చిక్కేమిటంటే ఆట కుర్చీ మడత పడదు. పెద్ద చక్రాలు రెండూ ఊడతాయి కాబట్టి ఆటోలో పడుతుంది, సైడ్ చక్రాల స్కూటీ మీద పట్టదు. సొంతంగా బండి నడుపుకుని ఒంటరిగా వెళ్లేవాళ్లయితే ఆట కుర్చీని మైదానం దగ్గరే భద్రపరిచే గది ఉందా అని శిబిరం రోజునే అడగండి.

చేరగలిగే చోటు. ఆట మానేయడానికి ఎక్కువగా కారణమయ్యేది ఇదే. వారానికి రెండుసార్లు వెళ్లగలిగే దూరంలో మెట్లు లేని హాలు, కుర్చీ పట్టే టాయిలెట్ ఉన్నాయా? ర్యాంపు ఉందంటే సరిపోదు, వాలు చూడాలి. అడుగు ఎత్తు ఎక్కడానికి పన్నెండు అడుగుల ర్యాంపు ఉంటే ఒంటరిగా ఎక్కొచ్చు. అంతకంటే నిటారుగా ఉంటే ప్రతిసారీ ఎవరో తొయ్యాలి.

## ఒక్క చూపులో

| ఆట | నడుము నిలకడ | చేతి పట్టు | ప్రత్యేక కుర్చీ | కనీసం ఎందరు | సొంతంగా పెట్టుబడి |
|---|---|---|---|---|---|
| బాస్కెట్‌బాల్ | తక్కువైనా చోటుంది | కావాలి | తప్పనిసరి | జట్టుకి ఐదుగురు | కుర్చీ కొంటే చాలా ఎక్కువ |
| టెన్నిస్ | మధ్యస్థం | కట్టుకోవచ్చు | తప్పనిసరి | ఇద్దరు | ఎక్కువ |
| బ్యాడ్మింటన్ | మధ్యస్థం | కావాలి | తప్పనిసరి | ఇద్దరు | ఎక్కువ |
| టేబుల్ టెన్నిస్ | లేకున్నా సరే | కట్టుకోవచ్చు | అక్కర్లేదు | ఇద్దరు | తక్కువ |
| బోచా | లేకున్నా సరే | లేకున్నా సరే | అక్కర్లేదు, పవర్ చైర్ (మోటారు కుర్చీ) సరే | ఒక్కరు | మధ్యస్థం |
| కూర్చుని విసిరే ఆటలు | తరగతిని బట్టి | తరగతిని బట్టి | ఇనుప ఫ్రేము | ఒక్కరు, ఒక సహాయకుడు | తక్కువ |
| షూటింగ్ | లేకున్నా సరే | వేలు కదిలితే మేలు | అక్కర్లేదు | ఒక్కరు | ఎక్కువ |
| విలువిద్య | మధ్యస్థం | కావాలి | అక్కర్లేదు | ఒక్కరు, ఒక సహాయకుడు | మధ్యస్థం నుంచి ఎక్కువ |
| పవర్‌లిఫ్టింగ్ | మధ్యస్థం | గట్టిగా కావాలి | అక్కర్లేదు | ఒక్కరు, ఇద్దరు స్పాటర్లు (బార్ పట్టుకోవడానికి పక్కన ఉండేవాళ్లు) | తక్కువ |

## ఏది ముందు, ఏది వెనక

గురి చూసే ఆటలు పొద్దున్నే పెట్టుకోండి. బాస్కెట్‌బాల్ కుర్చీ అరగంట తోసిన చేతులు వణుకుతాయి, ఆ చేతులతో రైఫిల్ పట్టుకుంటే గురి గోడ మీదికి పోతుంది. షూటింగ్ లేదా బోచా మొదట, తర్వాత టేబుల్ టెన్నిస్, తర్వాత కోర్టు ఆట ఒకటి, చివర విసిరేది ఒకటి. పవర్‌లిఫ్టింగ్ అదే రోజు వద్దు, ఇంకో రోజు తాజా భుజాలతో చూడండి.

వేసవిలో అయితే బయటి ఆటలు పొద్దున పది లోపు ముగించాలి. ఎండలో నిలబెట్టిన కుర్చీ రిమ్ము (చక్రాన్ని చేత్తో తోసే కమ్మీ) అరచేతుల్ని కాలుస్తుంది. స్పర్శ లేని తొడ వేడెక్కిన ఇనుప ఫ్రేముకి తగిలితే కాలినట్టు కూడా తెలియదు.

## వీల్‌చైర్ బాస్కెట్‌బాల్

పరిచయ శిబిరాల్లో అందరూ ముందు పరిగెత్తేది దీనికే, సరదాకి దీన్ని మించింది లేదు కూడా. కోర్టు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. బుట్ట మామూలు బాస్కెట్‌బాల్ ఎత్తే, 3.05 మీటర్లు. కూర్చున్నామని దించరు. బంతి ఒళ్లో పెట్టుకుని చక్రాల్ని రెండుసార్లు తోయొచ్చు. మూడోసారి తోసేలోపు బంతిని నేలకి కొట్టాలి, లేదా ఇంకొకరికి ఇవ్వాలి, లేదా బుట్టకి వెయ్యాలి.

ఈ ఆటలో అసలు విషయం పాయింట్ల లెక్క. ఒక్కో ఆటగాడికి శరీర సామర్థ్యాన్ని బట్టి 1.0 నుంచి 4.5 దాకా పాయింట్లు ఇస్తారు. కోర్టులో ఉన్న ఐదుగురివీ కలిపి 14 దాటకూడదు. 4 పాయింట్ల వాళ్లు ముగ్గురు దిగితే 12 అయిపోతాయి, మిగిలిన ఇద్దరూ 1 పాయింటు వాళ్లే కావాలి. నడుము పట్టు లేనివాళ్లు "నేనేం పనికొస్తాను" అని పక్కన కూర్చుంటారు గానీ, జట్టుకి గిరాకీ ఉన్నది వాళ్లకే. బుట్టలో వేసేది పెద్ద పాయింట్ల వాళ్లు, ఎదుటి కుర్చీకి అడ్డం పడి దారి చేసేది చిన్న పాయింట్ల వాళ్లు.

మొదటి రోజు చూసుకోవాల్సినవి: తుంటికీ కుర్చీ పక్క రేకుకీ మధ్య అరచెయ్యి దూరేంత ఖాళీ ఉంటే ఆ కుర్చీ మీకు పెద్దది. తిరిగినప్పుడు శరీరం ఒకవైపు, కుర్చీ ఇంకోవైపు పోతాయి. తొడలకి, పాదాలకి బెల్టు కట్టమనండి. కింద పడ్డ బంతిని వంగి రెండు చేతులతో ఎత్తకండి. ఒక చేత్తో బంతిని చక్రానికి నొక్కిపట్టి కుర్చీని ముందుకి కదిలిస్తే, చక్రమే బంతిని ఒళ్లోకి తెస్తుంది. బుట్టకి వేసేటప్పుడు ఆగి వేయకండి. మెల్లగా ముందుకి దొర్లుతూ పక్క కోణంలో బోర్డుకి తగిలేలా వేస్తే ఆ వేగం చేతికి తోడవుతుంది. కొత్తవాళ్లకి ఎక్కువగా దెబ్బ తగిలేది బొటనవేళ్లకి. రెండు కుర్చీలు గుద్దుకునే క్షణంలో చేతులు రిమ్ము మీద కాకుండా ఒళ్లోకి తీసుకోవడం ముందు నేర్చుకోవాలి.

జట్టు లేని ఊళ్లో ఈ ఆట ఎంచుకుంటే ఏడాదికి ఒకసారి శిబిరంలో ఆడడమే మిగులుతుంది. పదిమంది ఆటగాళ్లు, కుర్చీలు పెట్టే చోటు లేకపోతే దీన్ని రెండో ఆటగా ఉంచుకోండి.

రెండు చేతుల్లోనూ రెండు కాళ్లలోనూ బలహీనత ఉన్నవాళ్ల కోసం వీల్‌చైర్ రగ్బీ ఉంది. నలుగురు ఆడతారు, పాయింట్లు 0.5 నుంచి 3.5, మొత్తం 8 దాటకూడదు. గుద్దుకోవడం ఆటలో భాగమే కాబట్టి కుర్చీలు ఇనుప కవచంలా ఉంటాయి. శిబిరంలో కనిపిస్తే తప్పకుండా ఎక్కి చూడండి.

## టెన్నిసా, బ్యాడ్మింటనా?

రెంటికీ రాకెట్ కావాలి, కుర్చీ కావాలి. తేడా అంతా కదలికలో ఉంది.

టెన్నిస్‌లో కోర్టు, నెట్ ఎత్తు అందరికీ ఉన్నవే. మారేది ఒక్క నియమం: బంతి రెండుసార్లు నేలను తాకేదాకా ఆగొచ్చు, రెండోది కోర్టు బయట పడినా ఫర్వాలేదు. ఈ వెసులుబాటు వల్ల నిలబడే స్నేహితుడితో కూడా ఆడొచ్చు, అతనికి ఒక బౌన్స్, మీకు రెండు. కష్టమల్లా రాకెట్ చేతిలో ఉంచుకుని చక్రం తొయ్యడం. రాకెట్ పిడిని రిమ్ముకి ఆనించి అరచేతి కింది భాగంతో తోస్తారు. మొదటి వారంలో బొటనవేలి మొదట్లో బొబ్బలు ఖాయం, ముందే టేపు వేసుకోండి. కొట్టాక కుర్చీ ఆపడం ఇంకో తప్పు. ఆగిన కుర్చీని మళ్లీ కదిలించేలోపు బంతి వెళ్లిపోతుంది, అందుకే కొట్టగానే కోర్టు వెనక మధ్యభాగం వైపు తిరుగుతూనే ఉండాలి. మొదటి రోజు మామూలు బంతితో కాకుండా పిల్లలకి నేర్పే మెత్తటి నెమ్మది బంతులతో ఆడించమనండి. మట్టి కోర్టు అయితే చక్రం దిగబడుతుంది, గట్టి కోర్టే అడగండి.

బ్యాడ్మింటన్ సింగిల్స్‌లో కోర్టు వెడల్పు సగమే. నెట్‌కీ దాని ముందున్న షార్ట్ సర్వీస్ గీతకీ మధ్య పడితే అవుట్. అంటే కుర్చీ పక్కలకి పెద్దగా తిరగక్కర్లేదు, ముందుకీ వెనక్కీ పోతే చాలు. నడుము పట్టు తక్కువ ఉన్నవాళ్లు డబ్ల్యూహెచ్1, ఎక్కువ ఉన్నవాళ్లు డబ్ల్యూహెచ్2 తరగతిలో ఆడతారు. షటిల్ తల వెనక పడితే శరీరం మొత్తం వెనక్కి వంచాలి. వెనక చిన్న చక్రం లేని కుర్చీ అయితే అప్పుడే తలకిందులవుతుంది. ఇంటి కుర్చీతో బ్యాడ్మింటన్ "ఊరికే ఓసారి" ఆడదామంటే వద్దనే చెప్పాలి.

హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి చోట్ల గంటకి అద్దెకిచ్చే బ్యాడ్మింటన్ కోర్టులు బాగానే దొరుకుతాయి, నీడ కూడా ఉంటుంది. టెన్నిస్ మీద దీనికున్న పెద్ద మొగ్గు ఇదే. అయితే చాలామంది యజమానులు మ్యాట్ మీద చక్రాల మరకలు పడతాయని ఒప్పుకోరు. నల్ల టైర్లకి బదులు మరక పడని బూడిద రంగు టైర్లు వేయించుకుని, లోపలికి వచ్చే ముందు తడిగుడ్డతో తుడిస్తే సగం అభ్యంతరం పోతుంది. చేతివేళ్లలో పట్టు లేనివాళ్లకి మాత్రం టెన్నిసే మేలు. అక్కడ క్వాడ్ విభాగంలో (చేతుల్లో కూడా బలహీనత ఉన్నవాళ్లది) రాకెట్‌ని చేతికి టేపుతో కట్టుకోవచ్చు.

## టేబుల్ టెన్నిస్

ఎటూ తేల్చుకోలేని వాళ్లకి మొదటి సలహా ఇదే. ఇంటి కుర్చీతోనే ఆడొచ్చు. కూర్చుని ఆడేవాళ్లకి 1 నుంచి 5 దాకా ఐదు తరగతులు, అంకె చిన్నదైతే వైకల్యం ఎక్కువ. టోక్యో పారాలింపిక్స్‌లో భావినా పటేల్ రజతం గెలిచింది 4వ తరగతిలో.

సర్వీస్ నియమం ఒకటి గుర్తుంచుకోవాలి. సింగిల్స్‌లో సర్వీస్ ఎదుటివాళ్ల వెనక అంచు మీదుగా బయటికి పోవాలి. పక్క అంచు మీదుగా పోతే పాయింటు లేకుండా మళ్లీ వెయ్యాలి. నిలబడి ఆడే స్నేహితులకి ఇది ముందే చెప్పండి, లేకపోతే పక్కకి తిప్పే సర్వీసులతో ఆట అక్కడే ఆగుతుంది.

ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి బల్ల కాళ్లు. కాళ్లు అంచు నుంచి కనీసం 40 సెంటీమీటర్లు లోపలికి ఉంటేనే మోకాళ్లు దూరతాయి. ఆఫీసుల్లో, అపార్ట్‌మెంట్లలో ఉండే బల్లలకి చాలావాటికి అడ్డకమ్మీ ఉంటుంది, కొలిచి చూసుకోండి. బల్ల ఎత్తు 76 సెంటీమీటర్లు. మోచెయ్యి బల్ల కంటే పైన ఉండాలి, లేకపోతే కుషన్ వేసుకోవాలి. బ్రేకులు వేసి, ఖాళీ చేత్తో చక్రాన్నో చేతి కమ్మీనో పట్టుకుని ఆడండి. పట్టు లేని చేతికి బ్యాట్‌ని క్రేప్ బ్యాండేజీతో కట్టేటప్పుడు వేళ్ల రంగు మారుతోందా అని ప్రతి పది నిమిషాలకీ చూడాలి.

## బోచా

సెరిబ్రల్ పాల్సీ, కండరాల క్షీణత, మెడ దగ్గరి వెన్నెముక గాయం ఉన్నవాళ్లకి, పవర్ చైర్ వాడేవాళ్లకి ఇది అచ్చంగా సరిపోయే ఆట. ఆరు ఎర్ర బంతులు, ఆరు నీలం, ఒక తెల్లది. తెల్లబంతికి ఎవరి బంతులు దగ్గరగా ఉంటే వాళ్లకి పాయింట్లు. కోర్టు 12.5 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు. చేత్తో విసరలేనివాళ్లు బీసీ3 తరగతిలో వాలు పట్టీ మీదుగా బంతిని వదులుతారు. ఆ పట్టీని తిప్పే సహాయకుడు కోర్టుకి వీపు పెట్టి కూర్చోవాలి, వెనక్కి తిరిగి చూడకూడదు. నిర్ణయం మొత్తం ఆటగాడిదే. బిడ్డ తరఫున తామే ఆడేసే తల్లిదండ్రులకి ఈ నియమం మొదట మింగుడుపడదు.

బంతి సుమారు 275 గ్రాములు, క్రికెట్ బంతి కంటే పెద్దది, మెత్తన. సెట్టు ఖరీదైందే. ఇంట్లో సాధనకి మందపాటి మేజోడులో 275 గ్రాముల పెసలు పోసి గుండ్రంగా కుట్టుకుంటే చాలు. టెన్నిస్ బంతులు వద్దు, అవి ఆగకుండా దొర్లిపోతాయి, చెయ్యి తప్పు అలవాటు పడుతుంది.

## కూర్చుని విసిరే ఆటలు

షాట్‌పుట్, డిస్కస్, జావెలిన్, క్లబ్. చిన్న ఊళ్లో ఒంటరిగా ఉన్నవాళ్లకి ఇంతకంటే అందుబాటు ఆట లేదు. ప్రభుత్వ పాఠశాల మైదానం, వెల్డింగ్ షాపు, ఒక తోడు మనిషి ఉంటే మొదలుపెట్టొచ్చు. దీపా మాలిక్ రియో 2016 పారాలింపిక్స్‌లో ఎఫ్53 (కూర్చుని విసిరే తరగతుల్లో ఒకటి) షాట్‌పుట్‌లో రజతం, ధరంబీర్ పారిస్ 2024లో ఎఫ్51 క్లబ్ త్రోలో స్వర్ణం గెలిచారు. క్లబ్ అంటే 397 గ్రాముల చెక్క గద లాంటిది. వేళ్లలో పట్టు సరిగా లేనివాళ్ల కోసమే అది. కొందరు వెనక్కి తిరిగి కూర్చుని తల మీదుగా విసురుతారు.

ఫ్రేము చేయించేటప్పుడు కుషన్‌తో కలిపి ఎత్తు 75 సెంటీమీటర్లు దాటకూడదు. కూర్చునే పలక సమంగానో వెనక్కి వాలుగానో ఉండొచ్చు, ముందుకి వాలకూడదు. రెండో చేత్తో పట్టుకునే నిలువు కమ్మీ నిటారుగా, వంగకుండా ఉండాలి. కట్టే బెల్టులు సాగనివి కావాలి. నాలుగు మూలల్నీ నేలలో దిగ్గొట్టిన మేకులకి బెల్టులతో బిగించాలి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. ఫ్రేము రెండు అంగుళాలు కదిలితే విసురు బలమంతా అందులోనే పోతుంది. విసిరేటప్పుడు పిరుదులు పలక మీంచి లేస్తే ఫౌల్, కాబట్టి తొడల మీద రెండు బెల్టులు గట్టిగా పడాలి. బిగించిన బెల్టు ప్రతి ఆరు విసుళ్లకీ వదులు చేసి కింద చర్మం చూసుకోవాలి.

ఎఫ్55 నుంచి ఎఫ్57 దాకా షాట్ బరువు పురుషులకి 4 కిలోలు, మహిళలకి 3 కిలోలు. మొదటి రోజు అందులో సగం బరువుతో పది విసుళ్లు చాలు.

## షూటింగ్, విలువిద్య

రెంటిలోనూ కండ కంటే ఓపిక ముఖ్యం. షూటింగ్‌లో తుపాకి బరువు మోయగలిగేవాళ్లు ఎస్‌హెచ్1, మోయలేక స్టాండు వాడేవాళ్లు ఎస్‌హెచ్2. అవనీ లేఖరా టోక్యోలో, పారిస్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ స్వర్ణాలు గెలిచింది ఎస్‌హెచ్1లో. కాళ్లకి స్పాజమ్ (కండరాలు వాటంతటవే బిగుసుకుని కుదపడం) వచ్చేవాళ్లు పాదాల్ని ఫుట్‌రెస్ట్‌కి కట్టుకోవాలి, చిన్న కుదుపుకే గుండు దారి తప్పుతుంది. ఖర్చు దగ్గర మాత్రం జాగ్రత్త. రైఫిల్, జాకెట్, రేంజ్ ఫీజు, పెల్లెట్లు కలిపితే ఈ వ్యాసంలో ఉన్న ఖరీదైన ఆటల్లో ఇదొకటి. రేంజ్ వాళ్ల తుపాకితో ఆరు నెలలు ఆడాకే కొనడం గురించి ఆలోచించండి.

విలువిద్యలో లాగడానికి 16 నుంచి 20 పౌండ్ల బలం పట్టే విల్లుతో మొదలుపెట్టాలి. కుర్చీ చేతి కమ్మీలు తీసేసి, లక్ష్యానికి పక్కగా కూర్చోండి. నేరుగా కూర్చుంటే విల్లు కింది కొన చక్రానికి తగులుతుంది. బాణాలు ఏరి తేవడానికి తోడు కావాలి, ఈ చిన్న విషయమే ఒంటరి సాధనకి అడ్డం.

## పవర్‌లిఫ్టింగ్

బెంచి మీద పడుకుని బరువుల బార్‌ని చేతులతో పైకి నెట్టే ఆట ఇది. పోలియో వచ్చి చేతులు బలంగా ఉన్నవాళ్లకి సహజంగా నప్పుతుంది. వైకల్యాన్ని బట్టి తరగతులు ఉండవు, శరీర బరువు విభాగాలే. రాజిందర్ సింగ్ రహేలు ఏథెన్స్ 2004లో కాంస్యం తెచ్చింది ఇందులోనే. పోటీ బెంచి 61 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది, కాళ్లు దాని మీదే చాచి కట్టేస్తారు. మామూలు జిమ్ బెంచి అందులో దాదాపు సగమే ఉంటుంది. కాళ్లతో నేలని తన్నిపట్టలేని మనిషి దాని మీద నుంచి దొర్లిపోతాడు. పక్కన ఇంకో బెంచి చేర్చి వెడల్పు చేయించండి. ఖాళీ బార్‌ బరువే 20 కిలోలు, మొదటి రోజు అది చాలు. భుజం నొప్పి ఇప్పటికే ఉంటే ఈ ఆట జోలికి వెళ్లొద్దు. మీ చేతులే మీ కాళ్లు కూడా.

## ఎవరికి ఏది

- నడుము పట్టున్న పాతికేళ్ల లోపువాళ్లు, నగరంలో ఉన్నవాళ్లు: బాస్కెట్‌బాల్, బ్యాడ్మింటన్, టెన్నిస్, జావెలిన్ చూడండి. ఎంపిక బ్యాడ్మింటన్ వైపు మొగ్గితే మంచిది, కోర్టులు దొరుకుతాయి.
- మండల కేంద్రంలోనో పల్లెలోనో ఉన్నవాళ్లు: విసిరే ఆట ఒకటి, టేబుల్ టెన్నిస్ ఒకటి.
- మెడ దగ్గరి గాయం: బోచా, క్లబ్ త్రో, 1 లేదా 2 తరగతి టేబుల్ టెన్నిస్, రగ్బీ.
- యాభై దాటిన పోలియో బాధితులు: షూటింగ్, టేబుల్ టెన్నిస్. ఏళ్ల తర్వాత కండరాలు మళ్లీ బలహీనపడే ప్రమాదం ఉంది కాబట్టి అలసట మర్నాటికి తగ్గకపోతే సాధన సగానికి కోసేయండి.
- పోటీలకి పోవాలన్న పట్టుదల ఉన్నవాళ్లు: 2023లో మొదలైన ఖేలో ఇండియా పారా గేమ్స్ మొదటిసారి ఏడు క్రీడలతో జరిగాయి. అథ్లెటిక్స్, బ్యాడ్మింటన్, టేబుల్ టెన్నిస్, షూటింగ్, విలువిద్య, పవర్‌లిఫ్టింగ్ అందులో ఉన్నాయి. వీల్‌చైర్ బాస్కెట్‌బాల్, టెన్నిస్, బోచా లేవు. వాటికి దారి ఆయా సమాఖ్యల పోటీల మీదుగానే.

సదరం సర్టిఫికెట్‌లో 80 శాతం రాసి ఉందని ఫలానా తరగతి వస్తుందనుకోవద్దు. ఆ శాతం ప్రభుత్వ లెక్క, ఆట తరగతిని ఆ ఆట వర్గీకరణ నిపుణులు వేరుగా నిర్ణయిస్తారు. అదే మనిషికి ఒక ఆటలో అర్హత ఉండి ఇంకోదాంట్లో లేకపోవచ్చు. వైద్య పత్రాలు, ఎమ్మారై రిపోర్టు, యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) నకళ్లు ఒక ఫైల్లో పెట్టుకుని వెళ్లండి.

## సంచిలో, శరీరంలో

క్యాథెటర్ (మూత్రం గొట్టం) సామాను ఒక జత అదనంగా, మీ సొంత కుషన్, పాత టవల్, స్ప్రే సీసా, వేళ్లకి టేపు. ఆట కుర్చీలో పలుచటి స్పాంజే ఉంటుంది, వీలైతే మీ కుషనే వేయించుకోండి. ప్రతి పావుగంటకీ చేతుల మీద లేచో పక్కకి వాలో ఒత్తిడి తగ్గించాలి. ప్రతి ఆటకి ముందు మూత్రాశయం ఖాళీ చేయండి.

ఛాతీ ఆరో వెన్నుపూస లేదా ఆ పైన దెబ్బ ఉన్నవాళ్లు రెండు సంగతులు కోచ్‌కి ముందే చెప్పాలి. ఒకటి, గాయం కింది భాగంలో చెమట సరిగా పట్టదు, ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది. ముఖం మీద, మెడ మీద నీళ్లు చల్లుకుంటూ ఉండాలి. రెండు, హఠాత్తుగా తల పగిలే నొప్పి, ముఖం ఎర్రబడి చెమటలు పడితే ఆట వెంటనే ఆపాలి. పడుకోబెట్టకూడదు. నిటారుగా కూర్చోబెట్టి, బెల్టులన్నీ వదులు చేసి, మూత్రం గొట్టం మడత పడిందేమో చూడాలి. చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది. నిమిషాల్లో తగ్గకపోతే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఇంటికి వచ్చాక అద్దంతోనో ఇంట్లోవాళ్లతోనో పిరుదులు, తొడలు, మడమలు చూపించుకోండి. ఎర్రబడిన చోటు అరగంటలో మామూలు రంగుకి రాకపోతే అది మానేదాకా ఆ కుర్చీ, ఆ బెల్టు వద్దు. మర్నాడు చేతుల్లో కండ నొప్పి ఉంటే ఫర్వాలేదు. భుజం ముందు భాగంలో సూదితో పొడిచినట్టు ఉండి, మంచం మీదికి మారేటప్పుడు ఎక్కువైతే మాత్రం ఏ ఆట తర్వాత మొదలైందో రాసి పెట్టుకుని, ఆ కాగితంతో ఫిజియోథెరపిస్టుని కలవండి.